వీధి పిల్లుల ఆపరేషన్‌కు ఏ బోను మంచిది? మూడు రకాల మీద మా సమీక్ష

సెల్లార్‌లో తిరిగే పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలంటే ముందు అది చేతికి చిక్కాలి. మనం పెట్టింది రోజూ తినే పిల్లి కూడా రెండు చేతులా ఎత్తబోతే గోళ్లు దించి పారిపోతుంది. గోనె సంచి కప్పి పట్టుకోవడం, వల విసరడం, తలుపులు మూసి గదిలో తరమడం ఇంకా చాలాచోట్ల జరుగుతున్నాయి. పిల్లిని గదిలో పెట్టి కొడితే పులవుతుందని పెద్దలు అన్నది నిజమే. అలా బెదిరిన పిల్లి కరిచి తీరుతుంది. కరిచిన చోటును సబ్బు రాసి పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టించుకోవాలి. పిల్లికి కూడా నడుం దెబ్బ తినడమో, గోరు ఊడడమో జరుగుతుంది. ఆ తర్వాత ఆ చోటికి అది మళ్లీ రాదు.

ఇవేవీ లేకుండా పని జరగాలంటే బోను కావాలి. తెలుగు ఊళ్లలో ఇప్పుడు వాడుకలో ఉన్న మూడు రకాలను పక్కపక్కన పెట్టి చూశాం: వెల్డింగ్ షాపులో చేయించుకునే బోను, అమెరికాలో టోమహాక్ కంపెనీ చేసే తరహా రెండు తలుపుల బోను, తాడు లాగితే పిల్లి మీద పడే బోను. తీర్పు ముందే చెప్పేస్తాం. కొలతలు కాగితం మీద రాసిచ్చి దగ్గరుండి చేయించుకుంటే వెల్డింగ్ షాపు బోను విదేశీ బోనుకు ఏమీ తీసిపోదు. కొలతలు ఇవ్వకుండా "పిల్లి బోను ఒకటి చెయ్యి" అని వదిలేస్తే వచ్చేది పెద్ద ఎలుక బోను, అంతే. బజారులో పందికొక్కుల కోసం తయారుగా అమ్మే బోన్లు పిల్లికి అసలు వద్దు.

పొడవు దగ్గరే సగం బోన్లు తప్పుతున్నాయి

ఎదిగిన వీధి పిల్లి ముక్కు నుంచి తోక మొదలు దాకా దాదాపు 18 అంగుళాలు ఉంటుంది. తోక ఇంకో 10 నుంచి 12 అంగుళాలు. బోనులో ఎర వెనక ఉంటుంది, దాని ముందు తొక్కుడు పలక ఉంటుంది. పిల్లి ముందు కాలు పలక మీద పడగానే తలుపు పడుతుంది. బోను 24 అంగుళాలే ఉంటే ఆ క్షణానికి పిల్లి నడుం ఇంకా గుమ్మంలోనే ఉంటుంది. తలుపు నడుం మీద పడుతుంది, అది వెనక్కి గుంజుకుని పోతుంది. దెబ్బ తగిలినా తగలకపోయినా, ఆ పిల్లి ఇక ఏ బోను దరిదాపులకూ రాదు. కాబట్టి 30 అంగుళాలకు తగ్గకూడదు. బుగ్గలు ఉబ్బి తల పెద్దదైన మగ పిల్లులు ఎక్కువున్న చోట 36 అంగుళాలది చేయించండి.

వెడల్పు 10, ఎత్తు 12 అంగుళాలు సరిపోతాయి. విశాలంగా ఉంటే పిల్లికి సుఖమనుకుని 18 అంగుళాల వెడల్పు పెట్టిస్తుంటారు. అలా చేస్తే పిల్లి పలక పక్క నుంచి దాటి ఎర తిని, తీరిగ్గా తిరిగి వచ్చేస్తుంది. పైగా వెడల్పు పెరిగితే డాక్టరు జాలీ బయటి నుంచి సూది వేయలేరు. పిల్లి లోపల గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది.

తలుపు, గడియ, పలక

స్ప్రింగు తలుపు వేగంగా పడుతుంది, చప్పుడూ దెబ్బా ఎక్కువ. సొంత బరువుతో పడే తలుపే మాకు నచ్చింది. తెరిచినప్పుడు అది పైకప్పుకు ఆనుకుని లోపలి వైపు లేచి ఉండాలి, పడ్డాక కొద్దిగా ఏటవాలుగా నిలవాలి. పిల్లి లోపలి నుంచి తోసేకొద్దీ మరింత బిగిసేలా ఆ వాలు ఉండాలి. తలుపు పడగానే దాని వెనక తనంతట తాను జారి పడే గడియ కమ్మీ తప్పనిసరి. చాలామంది వెల్డర్లు ఇది పెట్టరు. గడియ లేని తలుపును పిల్లి ముందు కాళ్లతో ఎత్తి బయటపడడానికి నిమిషం పట్టదు.

కొనేముందు పరీక్ష సులువే. ఖాళీ బోను తలుపు వేసి, పక్కకు పడుకోబెట్టండి, తలకిందులు చేయండి, ఊపండి. ఎటు తిప్పినా తలుపు తెరుచుకోకూడదు. పిల్లి భయంతో గింజుకున్నప్పుడు బోను దొర్లిపోవడం మామూలే. తలుపు కింది అంచు తగిలే చోట రబ్బరు బీడింగ్ అంటించమనండి. చప్పుడు సగానికి తగ్గుతుంది, తోక నలగదు. పక్కనే తింటున్న మిగతా పిల్లులు కూడా చెదిరిపోవు.

తొక్కుడు పలక బోను వెడల్పంతా పరుచుకోవాలి, రెండు పక్కలా అర అంగుళం కంటే ఎక్కువ సందు ఉండకూడదు. వెనక తలుపుకు ఏడెనిమిది అంగుళాల ముందు పెట్టిస్తే ఎరకు చోటు ఉంటుంది. పలక మొరాయించడమే అన్నిటికంటే మామూలు జబ్బు. దాన్ని తలుపుతో కలిపే తీగ కొక్కెం ఎక్కువ లోతుగా పట్టుకుంటే పిల్లి పలక మీద కూర్చున్నా తలుపు పడదు. అంచున పట్టుకుంటే గాలికే పడిపోతుంది. అర లీటరు నీళ్ల సీసాను పలక మీద మెల్లగా దించితే తలుపు పడాలి. బోను పక్కన నేల మీద కాలితో గట్టిగా తొక్కితే పడకూడదు. ఈ రెండూ కుదిరేదాకా కొక్కేన్ని ఆకురాయితో అరగదీయించుకోండి, లేదా కొద్దికొద్దిగా వంచి చూసుకోండి. రెండు నెలల పిల్ల కూడా అర కిలోకు పైగా ఉంటుంది కాబట్టి ఈ బరువు దగ్గర సరిచేసిన బోను అన్ని వయసులకూ పనికొస్తుంది.

జాలీ, తుప్పు

అర అంగుళం అడ్డం, ఒక అంగుళం నిలువు కళ్లున్న జీఐ వెల్డ్ మెష్, 14 గేజి తీగ, చుట్టూ 6 ఎంఎం సీకతో చట్రం. ఇంతకంటే పలచని కోళ్ల జాలీ వద్దు, అది పళ్లకు తెగుతుంది. రెండంగుళాల కళ్లున్న జాలీలో పిల్ల తల దూర్చి ఇరుక్కుంటుంది. పెద్ద పిల్లి మూతిని దూర్చి దూర్చి ముక్కు మీద చర్మం ఒలుచుకుంటుంది. చిన్న కళ్లున్నా ముక్కు రాసుకునే పిల్లులు ఉంటాయి. అందుకే పట్టగానే గుడ్డ కప్పేయాలి.

జాలీ కత్తిరించిన కొసలన్నీ చట్రానికి బయటివైపు రావాలి. లోపలికి వచ్చిన కొసలు పిల్లి కంటికి తగిలే ఎత్తులోనే ఉంటాయి. తీసుకునే ముందు చేతికి పాత గుడ్డ చుట్టుకుని లోపలంతా తడమండి. గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ గ్రైండింగ్ చేయించండి.

వెల్డింగ్ వేడికి జీఐ మీది జింకు పూత కాలిపోతుంది. పిల్లి మూత్రం తగిలే కింది మూలల్లో మొదట తుప్పు పట్టేది ఆ అతుకుల దగ్గరే. అతుకులన్నిటికీ బయటి నుంచి ప్రైమరు, దాని మీద పెయింటు వేయించండి. ఆ వాసన పోయేదాకా కనీసం నాలుగైదు రోజులు ఎండలో పెట్టాలి. కొత్త పెయింటు వాసన వచ్చే బోనులోకి ఏ పిల్లీ అడుగు పెట్టదు. మోసే పిడి కింద అరచెయ్యంత రేకు ముక్క ఒకటి అతికించమనండి. అది లేకపోతే పిల్లి పంజా జాలీలోంచి నేరుగా మీ వేళ్లకు అందుతుంది.

వెనక తలుపు ఉంటేనే తీసుకోండి

పైకి లాగి తీసే జారుడు తలుపు వెనక వైపు ఉండాలి. ఎర పెట్టడానికీ, పట్టాక నీళ్ల పళ్లెం జరపడానికీ, ఇంకో బోనులోకి మార్చడానికీ, చివరికి వదిలేయడానికీ అదే దారి. ఒకటే తలుపున్న బోనులో ఇవన్నీ పడే తలుపును చేత్తో ఎత్తి పట్టుకుని చేయాలి. పిల్లి తప్పించుకునేదీ, మనిషిని కరిచేదీ అప్పుడే.

దీనితో పాటు ఇంకో చిన్న సామాను చేయించుకోండి. ఐదారు సన్న సీకలను రెండేసి అంగుళాల ఎడంతో ఒక పిడికి అతికితే పెద్ద దువ్వెనలా వస్తుంది. బోను పైకప్పు కళ్లలోంచి దాన్ని నిలువుగా దింపితే పిల్లి ఒక చివరకు పరిమితమవుతుంది. రెండో చివర కాగితాలు మార్చవచ్చు, డాక్టరు మత్తు సూది జాలీ బయటి నుంచే వేయవచ్చు. వెల్డరు దగ్గర మిగిలిన సీక ముక్కలతో అయిపోయే పని ఇది. బోను చూపించి, దాని కళ్లకు సరిపోయేలా చేయించండి.

టోమహాక్ తరహా బోను ఈ జారుడు తలుపు విషయంలోనే ముందుంది. ఆ కంపెనీ విస్కాన్సిన్ రాష్ట్రానిది. న్యూయార్క్‌లో వీధి పిల్లుల కోసం పనిచేసే నైబర్‌హుడ్ క్యాట్స్ అనే సంస్థ సూచనలతో పిల్లుల కోసమే ప్రత్యేకంగా బోన్లు చేస్తుంది. బరువు తక్కువ, గడియ నమ్మకంగా పడుతుంది, కొసలు శుభ్రంగా ఉంటాయి. ఇండియాకు తెప్పించుకుంటే రవాణా, సుంకం కలిసి ఆ డబ్బుతో ఇక్కడ మంచి బోన్లు రెండు మూడైనా చేయించుకోవచ్చు. అందుకే ఇక్కడున్నవారికి దీన్ని సిఫారసు చేయం. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు మాత్రం కొనక్కర్లేదు. చాలా ఊళ్లలో జంతు సంరక్షణ సంస్థలు కొంత డిపాజిట్ కట్టించుకుని బోను అరువిస్తాయి, వాడడం కూడా నేర్పుతాయి.

తాడు బోను ఎవరికి

ఒకసారి తప్పించుకుని బోనంటేనే బెదిరిన పిల్లికీ, గుంపులో ఒక్క పిల్లినే ఎంచి పట్టాల్సిన చోటా తాడు బోనే దిక్కు. అడుగు లేని పెట్టె అది: మూడడుగుల చదరం, అడుగు ఎత్తు, చుట్టూ పైనా వల లేదా జాలీ, ఒక పక్క చిన్న జారుడు తలుపు. ఒక అంచును కర్రతో ఎత్తి నిలబెట్టి, కర్రకు తాడు కట్టి, ఇరవై ముప్పై అడుగుల దూరంలో కూర్చోవాలి. తిండి నడిమధ్య పెట్టాలి. కావలసిన పిల్లి తల వంచి తింటూ ఉండాలి, అంచు కింద ఇంకో పిల్లి ఉండకూడదు. అప్పుడే తాడు ఒక్కసారిగా లాగాలి. మెల్లగా లాగితే కర్ర కదలడం చూసి అన్నీ దూకేస్తాయి.

పడ్డాక పరుగున వెళ్లి పెట్టె మీద చేతులు ఆనించి దుప్పటి కప్పాలి. పీవీసీ గొట్టాలతో చేసిన తేలిక పెట్టెను బలమైన మగ పిల్లి ముక్కుతో ఎత్తి దాటిపోతుంది. కింది గొట్టాల్లో ఇసుక నింపితే ఆ బాధ తప్పుతుంది. తర్వాత పొడవు బోను వెనక తలుపును పెట్టె తలుపుకు ఆనించి రెండూ ఎత్తాలి. పెట్టె మీద దుప్పటి ఉంచి, బోను మీద ఏమీ కప్పకుండా వెలుతురు వదిలితే పిల్లి అటే పరిగెడుతుంది. ఇద్దరు మనుషులు లేకుండా తాడు బోను వాడొద్దు. మొదటి బోనుగా ఇది కొనొద్దని కూడా మా గట్టి అభిప్రాయం.

వాడకం: పట్టే రోజుకు ముందు

ఎంత మంచి బోనైనా ఆకలి లేని పిల్లిని పట్టలేదు. రెండు వారాల పాటు ఒకే చోట, ఒకే వేళకు తిండి పెట్టండి, అరగంట కాగానే పళ్లెం తీసేయండి. వాటికి ఆ వేళ అలవాటవుతుంది, చీమలూ ఎలుకలూ చేరవు, అసోసియేషన్‌లో ఫిర్యాదులూ తగ్గుతాయి. చివరి మూడు నాలుగు రోజులు బోనును అక్కడే, తలుపు పైకి తాడుతో కట్టేసి, లోపల తిండి పెట్టి ఉంచండి. మీరు పక్కనున్న వేళల్లోనే ఉంచండి, తర్వాత తీసేయండి.

పట్టే ముందు రోజు సాయంత్రం నుంచి తిండి ఆపాలి, నీళ్లు ఆపకూడదు. పని చెడేది ఎక్కువగా ఇక్కడే. మూడో అంతస్తులో ఒకరు పాలు పెట్టేస్తారు, వాచ్‌మన్ భార్య మిగిలిన అన్నం వేస్తుంది. తిండి పెట్టేవాళ్లందరికీ ముందు రోజే ఇంటింటికీ వెళ్లి చెప్పండి, లిఫ్టు దగ్గర కాగితం అంటిస్తే చాలదు. ఆపరేషన్‌కు ఎదిగిన పిల్లి కడుపు ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఖాళీగా ఉంటే మంచిది కూడా. చిన్న పిల్లలను అంతసేపు పస్తు పెట్టకూడదు, వాటికి ఎన్ని గంటలో డాక్టరును అడగండి.

ఎరగా రెండు చెంచాలు చాలు. వేయించిన ఎండుచేప, ఉడికించిన కోడి మాంసం బాగా పనిచేస్తాయి. విశాఖ హార్బరు లాంటి చోట్ల, చేపల మార్కెట్ల దగ్గర రోజూ చేప తినే పిల్లికి చేప వాసన పట్టదు. అక్కడ కోడి మాంసం పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర ముక్కలు ఎప్పుడూ వద్దు, అవి పిల్లి రక్తకణాలను పాడుచేస్తాయి. ఎరను వెనక తలుపు లోంచి కాగితం మీద గాని ఆకు మీద గాని పెట్టండి. స్టీలు గిన్నె, డబ్బా పెడితే గింజుకునేటప్పుడు మూతి కోసుకుంటుంది.

అడుగున మడిచిన వార్తాపత్రిక పరిస్తే కాళ్లకు తీగలు తగలవు, పిల్లి వెనకాడకుండా వస్తుంది. కాగితం పలక కిందికి మడత పడితే తలుపు పడదు. పలక మీద వేరే ముక్క వేసి అంచులు విడిగా ఉంచండి. బోను ఊగని సమనేల మీద, గోడ వారగా ఉండాలి.

పట్టే రోజు

బోను పెట్టి ఇంటికి వెళ్లిపోవడం ఏ పరిస్థితిలోనూ కుదరదు. కనుచూపు మేరలో ఉండండి, లేదా పావుగంటకోసారి చూడండి. రాత్రంతా పెట్టి పొద్దున చూద్దామనుకున్న బోన్లను కుక్కలు చుట్టుముట్టి దొర్లిస్తాయి. చీమలు ఎరకు పట్టి, ఆ తర్వాత పిల్లికి పడతాయి. వేసవిలో ఎండ పొద్దెక్కకముందే పని ముగించాలి. ఇనుప జాలీ, కదలలేని పిల్లి, మే నెల ఎండ కలిస్తే చాలా తక్కువ సేపట్లో ప్రాణం మీదికి వస్తుంది. పిల్లి నోరు తెరిచి రొప్పుతుంటే వెంటనే నీడకు, గాలికి చేర్చండి.

తలుపు పడగానే దళసరి నూలు దుప్పటి బోను మొత్తం కప్పండి. చీకటి పడగానే పిల్లి గింజుకోవడం ఆపేస్తుంది. ప్లాస్టిక్ పట్టా కప్పొద్దు, గాలి ఆడదు. తర్వాత ఒక పక్క కొద్దిగా ఎత్తి మూడు విషయాలు చూడాలి. చెవి కొస తిన్నగా కత్తిరించి ఉంటే దానికి ఆపరేషన్ ముందే అయింది, వదిలేయండి. పొట్ట బరువుగా వేలాడుతుంటే కడుపుతో ఉండొచ్చు, డాక్టరుకు ముందే చెప్పండి. చనుమొనలు ఉబ్బి, చుట్టూ వెంట్రుకలు ఊడి గులాబీ రంగులో ఉంటే అది పాలిచ్చే తల్లి.

తల్లి సంగతి జాగ్రత్తగా చూడాలి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. నిన్న మెట్ల కింద ఉన్నవి నేడు ట్రాన్స్‌ఫార్మర్ వెనక ఉండొచ్చు. పిల్లలు ఎక్కడున్నాయో తెలియకపోతే తల్లిని వదిలేసి, అవి బయట తిరిగే వయసుకు వచ్చాక మళ్లీ పట్టడం మేలు. తప్పనిసరైతే పొద్దున్నే ఆపరేషన్ చేయించి, పూర్తిగా తెలివి రాగానే అదే రోజు వదలాలి. ఆపరేషన్‌తో పాలు ఆగిపోవు. తల్లి కనబడట్లేదని పసికూనలను ఎత్తుకెళ్లడం మాత్రం తొందరపాటు. వేటకు వెళ్లిన తల్లి గంటల తర్వాతైనా వస్తుంది.

ఆసుపత్రికి ఆటోలో సీటు మీద, కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, బోను అడ్డంగా కదలకుండా పెట్టి తీసుకెళ్లండి. కారు డిక్కీలో వద్దు. బోను పెట్టకముందే ఆసుపత్రి వాళ్లను నాలుగు సంగతులు అడిగి ఉంచుకోవాలి. బోనులో ఉన్న వీధి పిల్లిని తీసుకుంటారా, లోపలే కరిగిపోయే కుట్లు వేస్తారా, అదే మత్తులో చెవి కొస కత్తిరించి రేబిస్ టీకా వేస్తారా, రాత్రికి ఉంచుకుంటారా. కుట్లు విప్పడానికి పదో రోజున అదే పిల్లిని మళ్లీ పట్టడం దాదాపు అసాధ్యం కాబట్టి కరిగే కుట్ల మాట ముఖ్యం. చెవి కొస సాధారణంగా ఎడమ చెవిది, దాదాపు ఒక సెంటీమీటరు, గీత గీసినట్టు తిన్నగా తీస్తారు. మత్తులో ఉండగా చేస్తారు కాబట్టి నొప్పి తెలియదు. దూరం నుంచి చూసి గుర్తుపట్టడానికి ఇంతకంటే నమ్మకమైన ఆనవాలు లేదు. మెడ పట్టీ వీధి పిల్లికి కొమ్మకు తగులుకుని ఉరవుతుంది.

ఆపరేషన్ అయ్యాక అదే బోను

మంచి బోనుకు అసలు పరీక్ష ఆ రాత్రి. శుభ్రమైన కాగితాలు పరిచి, దుప్పటి సగం కప్పి, మనుషులు తిరగని గదిలో బల్ల మీద పెట్టండి. చీమల బెడద ఉంటే బల్ల కాళ్లను నీళ్ల గిన్నెల్లో ఉంచండి, పాలగిన్నెకు మన ఇళ్లలో చేసినట్టే. చీమల సుద్దముక్క గీయొద్దు. అందులో ఉండే పైరెథ్రాయిడ్ రకం పురుగుమందులను పిల్లుల ఒళ్లు తట్టుకోలేదు. కుక్కల గోమార్లకు మెడ మీద వేసే పర్మెత్రిన్ చుక్కల మందూ పిల్లికి విషమే.

తల నిలబడి చక్కగా కూర్చునేదాకా తిండి పెట్టకూడదు, మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నొప్పికి పారాసిటమాల్ చిన్న ముక్క కూడా ఇవ్వొద్దు. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు, ఒక్క మాత్ర ప్రాణం తీస్తుంది. బోను కడగడానికి డెటాల్, ఫినాయిల్ వద్దనేది కూడా ఇందుకే. కాళ్లకు అంటింది నాకితే చాలు. ముందు సబ్బు నీళ్లతో మూత్రం, మలం పూర్తిగా కడిగేయండి. తర్వాత లీటరు నీటికి 30 మిల్లీలీటర్ల ద్రవ బ్లీచ్ కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి, బాగా జాడించి ఎండబెట్టండి. మూత్రం ఉన్నచోట నేరుగా బ్లీచ్ పోస్తే ఘాటు వాయువు పుడుతుంది. జాడించకపోతే బ్లీచ్ ఇనుమును తినేస్తుంది. ఒక పిల్లి నుంచి ఇంకో పిల్లికి బోను ద్వారా పాకే పాన్‌ల్యూకోపీనియా అనే ప్రాణాంతక జబ్బు వైరస్‌ను మామూలు ఫ్లోర్ క్లీనర్లు చంపలేవు, బ్లీచ్ చంపుతుంది.

మగ పిల్లిని మర్నాడు, ఆడ పిల్లిని డాక్టరు చెప్పినదాన్ని బట్టి ఒకటి రెండు రోజులకు వదలవచ్చు. మర్నాడు పొద్దుటికీ లేవలేకపోయినా, కుట్టు దగ్గర రక్తం కారుతున్నా మళ్లీ ఆసుపత్రికే. వదిలేది పట్టిన చోటే. బోను వెనక తలుపు రోడ్డు వైపు కాకుండా గోడ వైపో, చెట్ల వైపో తిప్పి ఎత్తండి, పక్కకు నిలబడండి. ఏరు దాటించి వదిలేస్తే పీడ పోతుందనుకోవడం పొరపాటు. కొత్త చోట తిండీ నీడా తెలియక అది చస్తుంది, ఇక్కడ ఖాళీ అయిన చోటికి ఆపరేషన్ కాని కొత్త పిల్లులు వస్తాయి. ఆడ పిల్లి నాలుగైదు నెలల వయసుకే ఎదకు వస్తుంది, కడుపుతో ఉండేది తొమ్మిది వారాలే. లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. చంపినా, అవిటి చేసినా భారతీయ న్యాయ సంహిత 325 కింద ఐదేళ్ల దాకా జైలు. తిండి పెట్టేవాళ్లను అడ్డుకునే అసోసియేషన్లకు 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల్లో 20వ నియమం చూపించండి. ఆవరణలోని జంతువులకు తిండి ఏర్పాటు చేయడం అసోసియేషన్ బాధ్యత అని అందులో ఉంది.

వెల్డరుకు ఇవ్వాల్సిన కాగితం

పొడవు 30 లేదా 36, వెడల్పు 10, ఎత్తు 12 అంగుళాలు. అర × ఒక అంగుళం జీఐ వెల్డ్ మెష్, 14 గేజి, 6 ఎంఎం చట్రం. సొంత బరువుతో పడే ముందు తలుపు, దానంతట పడే గడియ, రబ్బరు బీడింగ్. గడియతో వెనక జారుడు తలుపు. నిండు వెడల్పు పలక, అర కిలోకు పడాలి. పిడి కింద రేకు. కొసలన్నీ బయటికి. దువ్వెన అడ్డు ఒకటి. ఒక అపార్ట్‌మెంటుకు ఇలాంటివి రెండు చాలు. డబ్బు తక్కువైతే నాసిరకం రెండు వద్దు, మంచిది ఒకటే చేయించండి. పక్క అపార్ట్‌మెంటుతో కలిసి వాడుకోవచ్చు.

వాడనప్పుడు బోను రెండు తలుపులూ వేసి, గడియలకు తీగ చుట్టి, ఎత్తైన చోట పెట్టండి. తలుపు తెరిచి సెల్లార్ మూలన పడేసిన బోనులో ఎలుక వెంట పిల్లి దూరితే తలుపు పడిపోతుంది. అది అక్కడుందని రోజుల తరబడి ఎవరికీ తెలియదు.